చల్లపల్లి నుంచి వచ్చినావిడ

దసరా అంటే నాకు ఒళ్ళు మంట. బెజవాడవాడు ఈ మాట పైకి అనకూడదు. ఎప్పుడైనా నోరు జారితే మా ఆవిడ లెంపలేసుకోమనేది. కానీ భవానీపురంలో కాపురం ఉంటూ బెంజ్ సర్కిల్ దగ్గర ఉద్యోగానికి రోజూ సిటీ బస్సులో పోయి రావలసినవాడి అవస్థ పడినవాడికి తెలుస్తుంది. మా ఇంటికీ నా ఆఫీసుకీ మధ్యన దుర్గగుడి కొండ ఉంది. కొండకీ కృష్ణకీ మధ్యన ఒక్క రోడ్డు. పండగంతా ఆ రోడ్డు మీదే.

నేనో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాని. మామూలు రోజుల్లో మా సెంటర్లో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, కొండ కింద నుంచి, వన్‌టౌన్ మీదుగా, బస్టాండు దాటి బందరు రోడ్డెక్కేలోపు ఒక కునుకు తీసేవాణ్ణి. దసరా మొదలైందంటే ఆ రోడ్డు మూసేసి బస్సుల్ని చిట్టినగర్ సొరంగం వైపు తిప్పేవాళ్ళు. సొరంగం ముందు లారీలు, ఆటోలు, ట్రాక్టర్ల నిండా జనం, అన్నీ ఇరుక్కుని ఉండేవి. నడిచిపోదామంటే ఇసకేస్తే రాలదు. ఆఫీసుకి చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

బస్సులో నా కిటికీ సీటు సంగతి చెప్పనే అక్కర్లేదు. తడి జుట్లు, ఎర్రబట్టలు, మూటలు, గుండు మీద పసుపు పూసిన చంటిపిల్లలు. నుంచోడానికి చోటుంటే గొప్ప. దానికి తోడు ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు నా భుజం తట్టి "బాబూ, గుడొచ్చిందా?" అనేవారు. ఎదురుగా కిటికీ నిండా కొండ కనపడుతుంటే గుడొచ్చిందా అంటాడేమిటి మనిషి. మొదట్లో వేలు పెట్టి చూపించేవాణ్ణి. తరవాత తరవాత నిద్ర నటించడం నేర్చుకున్నాను. ఊరు మనది, రోడ్డు మనది, బస్సు మనది, ఈ పదిరోజులూ మాత్రం మనకి ఏదీ మనది కాదు అని ఇంటికొచ్చి విసుక్కునేవాణ్ణి.

ఇక మైకులు. పొద్దున లేచింది మొదలు తప్పిపోయినవాళ్ళ గోలే. ఫలానా ఊరి నుంచి వచ్చిన ఫలానావారు ఎక్కడున్నా సమాచార కేంద్రం దగ్గరికి రావలెను, మీ తాలూకు వాళ్ళు ఎదురుచూస్తున్నారు. స్తంభానికో గొట్టం కట్టేవాళ్ళేమో, ఆ అరుపులు మా పెరటిదాకా వినపడేవి. నూజివీడు వాళ్ళు తప్పిపోతే నాకేంటి, ఖమ్మం వాళ్ళు తప్పిపోతే నాకేంటి. ఆ పదిరోజులూ ఆ గొంతు చెవిన పడకుండా బతకడం నాకు అలవాటైపోయింది.

ఈ విషయంలో మా అమ్మ నాకు పూర్తిగా వ్యతిరేకం. ఆవిడకి దసరా వస్తే ప్రాణం లేచొచ్చేది. పైఊళ్ళ బస్సుల్ని మా వైపు ఖాళీ స్థలాల్లో ఆపేవాళ్ళు. అక్కణ్ణుంచి జనం మా వీధిలోంచే కొండకి నడిచేవాళ్ళు. అమ్మ వరండాలో బిందె, రెండు గ్లాసులు పెట్టుకుని కూర్చునేది. నీళ్ళడిగిన ప్రతివాళ్ళనీ "ఏ ఊరమ్మా మీది?" అనేది. అవనిగడ్డనో మొవ్వ అనో అన్నారా, ఇక వాళ్ళు లోపలికొచ్చి కాఫీ తాగి పోవలసిందే. ఆవిడ పుట్టిల్లు చల్లపల్లి. పెళ్ళై ఈ ఊరొచ్చి నలుగురికీ వండి వడ్డించి ముసలిదైపోయినా, ఆ దివిసీమ వైపు మనిషి కనపడితే చాలు ముఖం చాటంత అయ్యేది. వాళ్ళు మన చుట్టాలా అని నేను విసుక్కుంటే, నీకు చుట్టాలు కాదులే, నాకు అని నవ్వేది.

నాన్న పోయాక ఆవిడ మరుపులో పడింది. ముందు మేం పట్టించుకోలేదు. తాళంచెవి చేతిలో పెట్టుకుని ఇల్లంతా వెతికేది. ఒకసారి నన్ను పట్టుకుని మా చిన్న మావయ్య పేరుతో పిలిచింది, ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్ళు. నాన్నకి కూడా కంచం పెట్టి, ఈయనేంటి ఇంకా రాలేదు అనేది. డాక్టరుగారు వయసండీ అని మాత్రలు రాశారు. గేటు మాత్రం తీసి ఉంచకండి అన్నారు.

తొంభైల చివర్లో ఒక ఏడాది, మూలా నక్షత్రం రోజు. అమ్మవారిని సరస్వతిగా అలంకరించే రోజది, ఆ రోజు వచ్చినంత జనం పండగలో మరే రోజూ రారు. తెల్లారకుండానే మా వీధి కదలడం మొదలైంది. నేను కాఫీ తాగుతూ, ఇవాళ ఆఫీసుకి పోయినట్టే, వీళ్ళకి ఇళ్ళూ వాకిళ్ళూ లేవా అని సణుగుతున్నాను. అమ్మ ఆ పూట తేటగానే ఉంది. "పాపం, వాళ్ళు మాత్రం రోజూ వస్తారేంట్రా" అంది. నేను చెప్పులేసుకుని బయటపడ్డాను.

ఆఫీసులో ఇంకా ఫ్యాను కింద చెమట ఆరనేలేదు, ఫోనొచ్చింది. మా ఆవిడ పక్కింటి నుంచి చేసింది. పెరట్లో బట్టలారేసి వచ్చేసరికి గేటు తీసి ఉందట. అత్తయ్య కనపడటం లేదండీ అని ఏడుస్తోంది. వీధి వీధంతా చూశారట. వీధిలో నడిచే జనమంతా ఒక్క వైపుకే పోతున్నారు కాబట్టి ఆవిడా ఆ వైపుకే పోయి ఉంటుంది. మా ఓనరు నా ముఖం చూసి ఏమిటని కూడా అడక్కుండా, వెళ్ళవయ్యా ముందు అన్నాడు.

బస్టాండు దాకా ఎలా వచ్చానో గుర్తు లేదు. వన్‌టౌన్ దాటి వినాయకుడి గుడి దగ్గరికొచ్చేసరికి అడ్డంగా కర్రలు కట్టేసి ఉన్నాయి. క్యూలోకి పదండి అన్నాడు కానిస్టేబులు. "నేను దర్శనానికి కాదండీ. మాది లోకలే, భవానీపురం. మా అమ్మ తప్పిపోయింది" అన్నాను. "అందరూ ఇదే చెప్తున్నారు, పదండి" అన్నాడు. అతన్ని అని లాభం లేదు, నా వెనక నుంచున్న ఇద్దరు కూడా మాది లోకలే అంటున్నారు. కొండ అవతలికి పోవాలంటే క్యూలో దూరడం తప్ప దారి లేదు. ఏళ్ళ తరబడి ఆ కొండ పక్కనే తిరిగినవాణ్ణి, ఆ రోజు జై దుర్గా అని అరిచే జనం మధ్యలో, మా అమ్మ నీలంచీర కోసం మెడ నిక్కించి చూసుకుంటూ అంగుళం అంగుళం జరిగాను.

అన్ని వీపులూ ఆవిడ వీపులాగే ఉన్నాయి. ఒకావిడ భుజం మీద చెయ్యి కూడా వేశాను. ఆవిడ తిరిగి చూస్తే వేరే ముఖం. నేను అమ్మా అని గొంతు చించుకుని పిలుస్తుంటే నా నెత్తి మీదే మైకు. చల్లపల్లి నుంచి వచ్చిన ఫలానా గారు ఇక్కడ ఉన్నారు, వారి తాలూకు మనుషులు ఎక్కడున్నా రావలెను. నోర్ముయ్యరా బాబూ కాసేపు, అనుకున్నాను.

క్యూ ఒకచోట వంపు తిరిగితే తాడు కిందనుంచి దూరి ఘాటు వైపు దిగాను. అప్పటిదాకా అటు చూడటానికి ధైర్యం చాలలేదు. కృష్ణ నిండుగా ఉంది. మెట్ల మీద వేలమంది మునుగుతున్నారు. లుంగీ ఎగ్గట్టి నీళ్ళలో నుంచున్న ఈతగాడొకణ్ణి పట్టుకుని, నీలంచీర ముసలావిడ ఎవరైనా, అన్నాను. అతనికి అర్థమైంది. "పొద్దున్నుంచీ అలాంటిదేం జరగలేదు సార్. మైకులో చెప్పించండి" అన్నాడు. నాకు అప్పుడు తోచింది ఆ మాట.

ఘాటు పక్కన టెంటులో ఒకతను మైకు పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ జనం. నా వంతు వచ్చాక చెప్పాను. అతను చెప్పింది చెప్పినట్టు చదివాడు. భవానీపురం నుంచి వచ్చిన ఫలానా ఇంటిపేరు, ఫలానా అమ్మగారు, మీ అబ్బాయి ఘాటు దగ్గర ఎదురుచూస్తున్నారు. అతని మాట పూర్తయిందో లేదో, కొండకి అవతలి పక్క కేంద్రం నుంచి మళ్ళీ ఆ చల్లపల్లి ఆవిడ. ఇక్కడొకటి, అక్కడొకటి. ఒకే పేరు. మా అమ్మ వయసువాళ్ళలో ఆ పేరు వీధికి ఇద్దరికి ఉంటుంది. ఇంటిపేరు వేరు. నేను భవానీపురం అనే మాట కోసం చెవులు రిక్కించి నుంచున్నాను. పైఊరి పేరు మొదలవగానే ఆ చెవులు వాటంతటవే మూసుకుపోయాయి. ఆ మైకు చదివిన ఇంటిపేరు మా మేనమామలదే. నాకు తెలియకేం, నా చిన్నప్పటి సెలవులన్నీ ఆ ఇంటిపేరు ఇంట్లోనే గడిచాయి. అయినా నాకు వినపడలేదు.

అలా ఎంతసేపు నుంచున్నానో. ఎండ నడినెత్తికొచ్చింది. ఉన్నట్టుండి మైకులో గరగర అని, ఎవరో దగ్గరగా ఊపిరి పీల్చుకున్నట్టు అయింది. ఆ తరవాత మా అమ్మ గొంతు.

"నాన్నా, నేను ఇక్కడే ఉన్నా నాన్నా. మెట్ల దగ్గరే ఉన్నా. ఎక్కడికీ కదల్లేదు. తొందరగా రా."

ఊరంతా వినపడింది. కొండకి కొట్టుకుని మళ్ళీ వినపడింది. మా ఇళ్ళల్లో తల్లులు కొడుకుల్ని నాన్నా అనే పిలుస్తారు. మా అమ్మ నన్ను కోపమొస్తే పేరు పెట్టి, ముద్దొస్తే నాన్నా అని పిలిచేది. జ్వరమొచ్చి పడుకున్నా నాన్నా, పరీక్ష తప్పినా నాన్నా, నాకు పెళ్ళయ్యాక కూడా నాన్నా. నాకు ఏడుపొచ్చేసింది. వస్తున్నానమ్మా అని పైకి అరిచాను, ఆ గొట్టం మాట అటూ ఇటూ రెండు వైపులా పోతుందన్నట్టు. పరిగెత్తాను. నా ముఖం చూసి జనమే జరిగారు. ఎర్రబట్టలాయన ఒకడు తాడు పైకెత్తి పట్టుకుని, ఆయన్ని పోనివ్వండి, ఆ మైకులో అమ్మ కొడుకంట అని అందరికీ చెప్పాడు. ఆ మాట నాకన్నా ముందు పోయింది. క్యూ అంతా పక్కకి ఒత్తుకుని నాకు దారిచ్చింది.

కొండ మెట్ల మొదట్లో చిన్న టెంటు. ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు, చీలమండల దాకా బురద. ఒళ్ళో పులిహోర పొట్లం విప్పకుండా పట్టుకుని ఉంది. పక్కన కాలేజీ అమ్మాయి ఒకతె, వాలంటీరు బ్యాడ్జీ పెట్టుకుని, అమ్మ జుట్టు సర్దుతోంది. నేను ఎదురుగా వెళ్ళి అమ్మా అన్నాను.

అమ్మ నన్ను చూసింది. తరవాత నా వెనక్కి చూసింది.

"మా నాన్న రాలేదాండీ?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయి నన్ను పక్కకి పిలిచి చెప్పింది. బామ్మగారు పొద్దున్నుంచీ మా నాన్నని పిలవండి అంటున్నారండీ. ఊరు చల్లపల్లి అన్నారు, ఇంటిపేరు చెప్పారు. ఈ వయసులో నాన్నగారేంటని, తాలూకు మనుషులు అని మేమే మార్చి చదివించాం. తప్పిపోతే మెట్ల దగ్గర నుంచో, ఎక్కడికీ కదలొద్దు అని వాళ్ళ నాన్నగారు చెప్పారంట, అందుకని లోపలికి రమ్మన్నా రాలేదు. ఎంతకీ ఎవరూ రాకపోతే ఏడుపు మొదలుపెట్టారు. చూడలేక మైకు చేతికిచ్చాను.

అంటే ఆ నాన్నా నేను కాదు. మా తాతయ్య చిన్నప్పుడు ఆవిణ్ణి దసరాకి తీసుకొచ్చేవాడని కూడా నాకు అప్పటిదాకా తెలీదు. ఇన్ని దసరాలు వరండాలో కూర్చుని ఎవరెవరినో ఊరు అడిగిన మనిషిని, నీ చిన్నప్పుడు వచ్చేదానివా అమ్మా అని నేను అడిగిందీ లేదు, ఆవిడ చెప్పిందీ లేదు.

అక్కడున్న కానిస్టేబులు, ఈయన మీ అబ్బాయేనా అమ్మా అని అడిగాడు. అమ్మ నన్ను కింద నుంచి పైదాకా మర్యాదగా చూసింది. నా నెరిసిన జుట్టు చూసింది.

"కాదండీ. ఈయనెవరో పెద్దాయన" అంది.

కానిస్టేబులు చూపు మారింది. అతని తప్పేముంది. కొడుకునని ఎవరికి రుజువు చెయ్యాలి, ఆవిడకా, అతనికా. చివరికి వంగి, "మీ నాన్నగారు పంపించారమ్మా. బస్సు దగ్గర ఉన్నారు. తీసుకురమ్మన్నారు" అన్నాను.

వెంటనే లేచింది. ఏడిచిన ముఖం ఒక్కసారి విచ్చుకుంది. "అయితే పదండి బాబాయ్‌గారూ" అంది. కానిస్టేబులు పక్కకి తప్పుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం ముఖం అటు తిప్పుకుంది.

చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. తెలియని మగవాడి చెయ్యి పట్టుకోకూడదని ఎవరో నేర్పిన ఆడపిల్లలాగే, నాకు నాలుగడుగులు వెనక, పొట్లం గుండెకి ఆనించుకుని నడిచింది. నేను వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచాను. ఎదురొచ్చే జనానికి దండాలు పెట్టి దారి ఇమ్మని అడుక్కున్నాను. బస్సు ఇటేనా బాబాయ్‌గారూ అని మధ్యలో అడిగింది. ఇటేనమ్మా అన్నాను. ఇంటి గేటు దగ్గర మా ఆవిడ ఎదురొచ్చి కావలించుకుంటే, బెదిరిపోయి నా వంక చూసింది. కాళ్ళు కడిగి అన్నం పెడితే, "వద్దు పిన్నిగారూ, మీకెందుకు శ్రమ" అంటూనే ఆకలి మీద తింది.

నిద్రపోయి లేస్తే సర్దుకుంటుందనుకున్నాం. మాత్రలు మార్చారు. ఒక పూట తేట, ఒక పూట మబ్బు అని డాక్టరుగారు చెప్పారు గానీ, నన్ను గుర్తుపట్టే తేట మళ్ళీ రాలేదు. ఆవిడకి ఆ దసరా అయిపోలేదు. రోడ్డు మూసేసి బస్సులు ఆగిపోతే, ఎవరో మంచివాళ్ళు పండగ జనంలో ఒక ఆడపిల్లని ఇంట్లో ఉంచుకున్నారు. అదీ ఆవిడ లెక్క. మంచం చివర కూర్చునేది, తిన్న కంచం తనే కడుక్కునేది. ఉతికిన చీర మడతపెట్టి సంచిలో పెట్టుకుని, స్నానం చేసి బొట్టు పెట్టుకుని, నేను ఆఫీసుకి బయల్దేరే వేళకి వరండాలో సిద్ధంగా ఉండేది.

"బస్సులు వదిలారా బాబాయ్‌గారూ?"

"ఇంకా రోడ్డు తియ్యలేదమ్మా. రేపు చూద్దాం."

ఎండాకాలమొచ్చినా మా ఇంట్లో ఇదే మాట. ఒకసారి ఉండబట్టలేక చల్లపల్లి తీసుకెళ్ళాను. మావయ్యల ఇల్లు ఎప్పుడో అమ్మేశారు, ఆ చోట ఇంకెవరిదో మేడ. ఊరు చూసైనా ఏదైనా కదులుతుందేమోనని ఆశ. బస్సు ఆగితే దిగనంది. మా నాన్న గుడి దగ్గర నుంచుని వెతుకుతూ ఉంటాడు, నన్ను ఇక్కడికెందుకు తెచ్చారండీ అని ఏడిచింది. అదే బస్సులో వెనక్కి వచ్చేశాం.

మరుసటి ఏడాది దసరాకి మా వీధి మళ్ళీ నిండింది. ఎవరో బిడ్డనెత్తుకున్నావిడ గేటు దగ్గర ఆగి, అమ్మా కాసిని మంచినీళ్ళు ఇస్తారా అని అడిగింది. అమ్మ వరండాలోనే ఉంది. "మాది ఈ ఊరు కాదమ్మా. ఇంటివాళ్ళని పిలుస్తానుండు" అంది. ఆ బిందె పట్టుకుని ఎంత మందికి నీళ్ళు పోసిన చెయ్యి. నేను లోపలనుంచి విని, గ్లాసు తీసుకుని వచ్చి నేనే పోశాను.

నాకు జ్ఞానోదయమేమీ కాలేదు. ఆ ఏడాది కూడా బస్సులో భుజం తట్టి గుడొచ్చిందా అంటే ఒళ్ళు మండింది. కాకపోతే మైకు వినడం అలవాటైంది. ఏ ఊరు, ఏ ఇంటిపేరు, అన్నీ విన్నాను. అదేం అలవాటండీ, అక్కర్లేనివన్నీ వింటారు అని మా ఆవిడ విసుక్కునేది.

రెండువేలు దాటాక ఒక వర్షాకాలంలో అమ్మకి జ్వరం తగిలింది. మంచం దిగలేదు. గొంతులో నాలుగు చుక్కలు పోస్తే రెండు బయటికొచ్చేవి. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి పక్కన కూర్చుని చెయ్యి నిమురుతుంటే కళ్ళు తెరిచింది. ఆ రోజు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"బాబాయ్‌గారూ, మీకు చాలా శ్రమ ఇచ్చాను. మా నాన్న వస్తే చెప్తాను, మీరు బాగా చూసుకున్నారని" అంది.

"శ్రమేముందమ్మా" అన్నాను.

అదే మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాట. ఆ నాలుగేళ్ళూ నేను ఆవిణ్ణి అమ్మా అనే పిలిచాను. మా వైపు పెద్దవాళ్ళు ఏ ఆడపిల్లనైనా అమ్మా అనే పిలుస్తారు కాబట్టి, ఆవిడకి ఏ రోజూ అనుమానం రాలేదు.